షేడ్ కార్డు పక్కన పెట్టండి, ముందు గోడ చూద్దాం

ఇంటికి రంగులు వేయిద్దాం అనుకున్న రోజు సాయంత్రానికల్లా మన చేతిలోకి ఒక పుస్తకం వచ్చి పడుతుంది. అదే, షేడ్ కార్డు. "నీ ఇష్టం, నీకేది నచ్చితే అదే వేయిద్దాం" అని మా ఆయన చాలా ఉదారంగా అంటారు. మీ ఇంట్లోనూ ఇదే మాట విని ఉంటారు. మనం ఆ పుస్తకం పట్టుకుని లేత పసుపా, గంధం రంగా అని పిల్లల్ని పిలిచి, పక్కింటావిడని పిలిచి, కిటికీ వెలుతురులో ఒకసారి, ట్యూబులైటు కింద ఒకసారి చూసుకుంటూ కూర్చుంటాం. ఈలోగా వరండాలో మేస్త్రీతో అసలు మాటలన్నీ అయిపోతాయి. పాత రంగు గీకాలా, కడిగితే చాలా? పగుళ్ళు ఎవరు పూడుస్తారు? ప్రైమర్ వేస్తారా, లేదా? ఎన్ని రోజుల్లో పని పూర్తవుతుంది? అడుగుకి ఎంత? మనం కాఫీ గ్లాసులు పట్టుకుని వెళ్ళేసరికి బేరం తెగిపోయి ఉంటుంది. "ఏం రంగు అనుకున్నారమ్మా?" అని మేస్త్రీ నవ్వుతూ అడుగుతాడు. మనం వేలు పెట్టి చూపిస్తాం. మన వంతు అయిపోయింది.

నేను చాలా ఏళ్ళు దీన్ని గౌరవం అనుకుని మురిసిపోయాను. ఇప్పుడు అనుకోవడం లేదు. రంగు మన చేతికిచ్చి గోడని మన చేతిలోంచి తీసేసుకుంటున్నారు. ఇంటి బయట గోడకి వేసే రంగు ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది ఆ రంగుని బట్టి ఉండదు, దాని కింద గోడని ఎలా సిద్ధం చేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ గోడ సంగతి ఇంట్లో అందరికంటే బాగా తెలిసిన మనిషిని ఎవరూ అడగరు. ఇవాళ నా గొడవంతా ఇదే.

ఆవకాయ పెట్టినవాళ్ళకి ఈ విషయం నేను విడమర్చి చెప్పక్కర్లేదు. కారం, ఆవపిండి, ఉప్పు, నూనె కలపడం పావుగంట పని. అసలు పని ఎక్కడుంది? కాయలు కడిగి, తుడిచి, ముక్కలు కొట్టించి, ఒక్కో ముక్కకీ లోపలి జీడి, పొర తీసి, పొడిబట్టతో తుడిచి, నీడన ఆరబెట్టడంలో ఉంది. జాడీ కూడా ఎండలో పెడతాం. ఎక్కడో ఒక్క ముక్కకి తడి ఉంటే నువ్వు ఎంత ఖరీదైన కారం వెయ్యి, ఆ జాడీ బూజు పట్టక మానదు. అయినా భోజనాల దగ్గర "కారం భలే రంగొచ్చింది" అంటారే గానీ "ముక్కలు భలే తుడిచావు" అని ఎవరైనా అన్నారా? గోడ కథా అంతే. తుడిచిన చెయ్యి ఎవరికీ కనపడదు. కనపడని పనికి డబ్బులు ఇవ్వడం మన ఇళ్ళల్లో ఎవరికీ అలవాటు లేదు, మనతో సహా.

మాది కాకినాడ. జూన్‌లో మొదలైన వాన అక్టోబరు దాకా పోదు, ఆ తర్వాత ఒకటో రెండో వాయుగుండాలు. నాలుగేళ్ళ కిందట కార్తీకంలో మా చిన్న మరిది పెళ్ళి కుదిరింది. ఇంటికి రంగులు వేయించాలన్నారు. ముహూర్తానికి పద్దెనిమిది రోజులుంది. వానలు వెలిసి వారం కూడా కాలేదు. ఉత్తరం వైపు గోడ, అంటే మా అత్తయ్యగారి గది వెనక గోడ, ఇంకా ముదురు రంగులోనే ఉంది. ఆ గోడ ఎప్పుడూ ఆఖర్నే ఆరుతుంది. అటు ఎండ రాదు. పైగా ఆ గదిలో చెక్క బీరువా వెనక్కి పెడితే రెండు నెలల్లో పట్టుచీరల మడతల్లో మట్టివాసన వచ్చేది, అందుకని బీరువాని ఎప్పుడూ జానెడు ముందుకి జరిపి ఉంచేదాన్ని. ఇదంతా నాకు తెలుసు. మా ఆయనకి తెలియదు, మేస్త్రీకి తెలియదు. "ఆ గోడ ఇంకా ఆరలేదేమోనండీ" అని ఒక్కసారి అన్నాను. "నువ్వు రంగు సంగతి చూసుకో, అది వాళ్ళు చూసుకుంటారు" అన్నారు. చూసుకోలేదు. పైపైన ఒక చీపురుతో దులిపి, నీళ్ళు కొట్టి, మర్నాడే రంగు మొదలుపెట్టేశారు. పదకొండు రోజుల్లో ఇల్లు పెళ్ళికూతురిలా తయారైంది. 68,000 రూపాయలు అయింది. వచ్చిన చుట్టాలందరూ రంగు బాగుందన్నారు. నేను ఎంచిన రంగే కదా, నాకూ బాగానే అనిపించింది.

మళ్ళీ శ్రావణం వచ్చేసరికి ఉత్తరపు గోడ మీద పొక్కులు లేచాయి. దోసె మీద లేచినట్టు. వేలితో నొక్కితే లోపల నీళ్ళు. భాద్రపదానికి అరచేతులంత పెచ్చులు ఊడి కింద పడ్డాయి. లోపలి వైపు, అత్తయ్యగారి మంచం తలవైపు, నల్లటి బూజు పట్టింది. ఆవిడకి ముందే ఆయాసం. ఆ వానాకాలంలో మూడుసార్లు రాత్రిళ్ళు డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. మూడోసారి ఆయన మందులు రాస్తూ రాస్తూ ఆగి, "ఆవిడ పడుకునే గదిలో చెమ్మ ఉందామ్మా?" అని అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. గోడ మీద తడి మనిషి ఊపిరితిత్తుల దాకా వస్తుందని ఆ రోజు అర్థమైంది. నిజానికి ఇది వైద్యులందరికీ తెలిసిన సంగతే, చెమ్మా బూజూ ఉన్న గదుల్లో ఆస్తమా ఉన్నవాళ్ళకి ఎక్కువవుతుంది. మన పెద్దవాళ్ళు, మన పసిపిల్లలు ఇరవై నాలుగు గంటలూ ఉండేది ఆ గదుల్లోనే. కాబట్టి ఇది అందం గొడవ అనుకుని కొట్టిపారేయకండి.

తర్వాత తెలిసిందేమిటంటే, మేస్త్రీ అప్పుడే నోరు తెరిచి అడిగాడట. "గోడలు గీకి, పగుళ్ళు పూడ్చి, ఆరనిచ్చి వేస్తే ఇంకో 12,000 అవుతుంది సార్, ఇంకో పది రోజులు పడుతుంది" అన్నాడట. మా ఆయన బేరమాడి ఆ రెండూ కొట్టేయించారు. అందుకని నేను పెయింటర్లని తిట్టడానికి రాయడం లేదు. చదరపు అడుగుకి ఇంత అని మాట్లాడుకుని, అందులో రూపాయి తగ్గించమని గంటసేపు వాదిస్తే, అతను మాత్రం ఎక్కడ తగ్గిస్తాడు? రంగు డబ్బా మన కళ్ళ ముందే తెరుస్తాం, అందులో తగ్గించలేడు. మనం చూడనిదాంట్లో తగ్గిస్తాడు. చూడనిది గీకుడు, కడుగుడు, ఆరుదల. మనం కొట్టేసిన ప్రతి రూపాయీ రంగు కిందనే పోతోంది.

ఇంకో మాట చెబితే చాలామందికి కోపం వస్తుందేమో. పండక్కి రంగులు వేయించడం మానేద్దాం. సంక్రాంతికి, పెళ్ళికి, గృహప్రవేశానికి, ఎవరో వస్తున్నారని తేదీ పెట్టుకుని ఇంటి బయట గోడలకి రంగు వేయించడం మనం చేసే తప్పులన్నిట్లోకీ పెద్దది. "అనాదిగా వస్తున్న ఆచారం" అంటారు. ఆచారమే, కాదనను. మా అమ్మమ్మగారింట్లో ధనుర్మాసంలో వెల్ల వేయడం నేనూ చూశాను. సున్నపురాయి పెద్ద గోళెంలో రాత్రంతా నాననిచ్చి, పల్చటి గుడ్డలో వడగట్టి, చిటికెడు నీలిమందు కలిపి, నార కుంచెతో వేసేవారు. వేసే ముందు గోడ మీద నీళ్ళు చల్లేవారు. గుర్తుందా మీకు? సున్నానికి గోడ తడిగా ఉంటేనే పడుతుంది. అది గోడలోకి ఇంకి, గాలిలో మెల్లిగా గట్టిపడుతుంది. లోపల చెమ్మ ఉంటే సన్నపు రంధ్రాల్లోంచి బయటికి పోనిస్తుంది. పైగా ఏడాదికోసారి వేసేదే, ఖర్చు తక్కువ, ఊడినా వచ్చే సంక్రాంతికి మళ్ళీ వేసుకోవచ్చు. ఆ సరుకుకి ఆ ఆచారం చక్కగా సరిపోయింది.

ఇప్పుడు మనం వేస్తున్నది సున్నం కాదు. ఎమల్షన్. అది ఆరాక గోడ మీద సన్నటి పొరలా సాగుతుంది, బయటి వాన నీటిని ఆపుతుంది. లోపలే నీళ్ళుంటే అవి తేలిగ్గా బయటికి రాలేక ఆ పొరనే నెట్టుకొస్తాయి, పొక్కులవుతాయి. అంటే సున్నానికి తడి గోడ కావాలి, ఎమల్షన్‌కి ఆరిన గోడ కావాలి. సరుకు మారింది, తేదీ మాత్రం మారలేదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున మంచుకి గోడలు చెమ్మగిల్లి ఉంటాయి. ఆ మంచు ఆరకముందే "పండగ దగ్గరికొచ్చేసింది" అని ఆరింటికే పని మొదలుపెట్టిస్తాం. మా కోస్తాలో అయితే సంక్రాంతి వెళ్ళాక, మాఘ ఫాల్గుణాల్లో మొదలుపెట్టాలి. వాన ఉండదు, మంచు తగ్గుతుంది, రోహిణీ కార్తె ఎండలు ఇంకా రావు. మరీ మండుటెండలో కాలే గోడ మీద వేసినా రంగు సరిగ్గా పట్టకముందే ఆరిపోతుంది. చుట్టాలొచ్చి వెళ్ళిపోయాక రంగులు వేయించడమా అని మా ఆడపడుచు నవ్వింది. చుట్టాలు ఉండేది మూడు రోజులు. మనం ఉండేది మిగతా మూడొందల అరవై రెండు రోజులు.

సరే, గోడని సిద్ధం చేయడం అంటే ఏమిటి? మేస్త్రీ చెప్పేదాకా ఆగకుండా మనమే చూసుకోగలిగినవి నేను నేర్చుకున్నంత వరకూ చెప్తాను. ఇందులో ఏదీ ఇంజనీరింగు కాదు.

మొదటిది, అరచెయ్యి. గోడకి అరచెయ్యి గట్టిగా రాసి చూడండి. ముగ్గుపిండిలా తెల్లగా అంటుకుంటే పాత రంగు చచ్చిపోయిందన్నమాట. దాని మీద ఎంత గొప్ప రంగు వేసినా ఆ పొడినే పట్టుకుంటుంది, గోడని పట్టుకోదు. అదంతా వైర్ బ్రష్‌తోనో గరుకు కాగితంతోనో పోగొట్టి కడగాలి.

రెండోది, చెవి. స్క్రూడ్రైవర్ పిడితో గోడని అక్కడక్కడా తట్టండి. కుండ కొనేటప్పుడు తట్టి చూస్తాం కదా, అలాగే. ఖణఖణమంటే సరే. డొల్లగా వినిపిస్తే అక్కడ ప్లాస్టరింగ్ ఇటుకని వదిలేసింది. దాన్ని కొట్టేసి మళ్ళీ చేయించాల్సిందే. కొత్తగా చేసిన ప్లాస్టరింగ్ తడిపి, గట్టిపడి, ఆరేదాకా సుమారు 28 రోజులు రంగు జోలికి పోకూడదు. పచ్చి సిమెంటులో ఉండే క్షారం రంగుని తినేస్తుంది.

మూడోది, ప్లాస్టిక్ కాగితం. నాకు బాగా నచ్చిన పరీక్ష ఇదే. అడుగున్నర చదరం మందపాటి పారదర్శకపు కవరు ముక్క కత్తిరించి, గోడకి నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించండి. ఒక పగలూ రాత్రీ వదిలేయండి. తీసేముందు చూడండి. గోడవైపు నీటి చుక్కలు కనపడితే గోడ ఇంకా చెమ్మ కక్కుతోంది. అన్నం వార్చాక మూత తీసి చూసినట్టే ఉంటుంది. ఆ చుక్కలు పోయేదాకా రంగు డబ్బా మూత తియ్యనివ్వకండి.

నాలుగోది, తెల్లటి పొడి. గోడ ఉప్పు కక్కుతుంది కొన్నిచోట్ల. ఇటుకలోనూ ఇసుకలోనూ నీళ్ళలోనూ ఉండే లవణాలు చెమ్మతో పాటు పైకి వచ్చి ఆరి మిగిలిపోతాయి. దాన్ని చూడగానే మనకి నీళ్ళు పోసి కడగాలనిపిస్తుంది. వద్దు. నీళ్ళు పోస్తే ఆ ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. ముందు పొడి బ్రష్‌తో రాల్చి ఊడ్చేయాలి. అసలు ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో వెతకాలి.

ఐదోది, పచ్చటి పాకుడు, నల్లటి బూజు. గీకేస్తే పోయినట్టు కనపడుతుంది, మళ్ళీ వస్తుంది. బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్ళు పట్టించి, కాసేపు నాననిచ్చి, రుద్ది, మంచినీళ్ళతో బాగా కడిగి ఆరనివ్వాలి. ఇక్కడ ఒక్క హెచ్చరిక. పని తొందరగా అవుతుందని కొంతమంది బాత్‌రూమ్ యాసిడ్ కూడా తెస్తారు. బ్లీచింగ్‌నీ యాసిడ్‌నీ కలపకండి, ఒకదాని మీద ఒకటి పోయనివ్వకండి. విషవాయువు వస్తుంది. ఆయాసం ఉన్నవాళ్ళున్న ఇంట్లో అయితే మరీ ప్రమాదం.

పగుళ్ళ సంగతి. వెంట్రుకంత సన్నటివి వేరు, గోరు దూరేవి వేరు. గోరు దూరే పగులుని ఉలితో కొంచెం వెడల్పు చేసి, దుమ్ము దులిపి, అప్పుడు పూడ్చాలి. పైన పుట్టీ రాసి మూసేస్తే పుండు మీద పౌడరు అద్దినట్టే. కాంక్రీటు స్తంభమూ ఇటుక గోడా కలిసేచోట నిటారుగా గీత పడుతుంది చూడండి, ఎండకీ వానకీ అవి రెండూ ఒకేలా సాగవు గనక. అక్కడ వల మెష్ కొట్టి ప్లాస్టర్ చేస్తేనే నిలుస్తుంది. పుట్టీ మాటొచ్చింది కాబట్టి, లోపలి గదులకి వాడే మెత్తటి పుట్టీ బయట పనికిరాదు, వానకి ఉబ్బుతుంది. బయటికి తెల్ల సిమెంటు పుట్టీయే వాడాలి, అదీ అవసరమైనంతే. నున్నగా ఉండాలని మందంగా పట్టిస్తే పెచ్చులుగా లేస్తుంది.

గోడలో మొలిచిన రావి మొక్క గురించి వేరే చెప్పాలి. మా పిట్టగోడలో ఒకటి ఉండేది. అత్తయ్యగారు దాన్ని పీకనిచ్చేవారు కాదు, రావి చెట్టు నరకకూడదని. పైపైన తుంచితే ఇంకా బలంగా వచ్చేది, వేరు మాత్రం గోడని చీల్చుకుంటూ పోయేది. చివరికి నేనే ఒక దారి చెప్పాను. వేరుతో సహా జాగ్రత్తగా తీయించి, గుడి ఆవరణలో పాతించాం. ఆవిడే దణ్ణం పెట్టి మొదటి చెంబు నీళ్ళు పోశారు. గోడా బతికింది, చెట్టూ బతికింది.

ఇనప గ్రిల్సుకి తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి, ఆ తర్వాతే రంగు. సముద్రపు గాలికి ఇది తప్పదు. అయితే పాత గ్రిల్సు, పాత తలుపులు గీకించేటప్పుడు జాగ్రత్త. మన దేశంలో ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నియమం 2017 నవంబరు 1 నుంచి అమల్లోకొచ్చింది. అంతకుముందటి ఎనామిల్ రంగుల్లో చాలావాటిలో సీసం బాగా ఎక్కువ ఉండేది. ఆ రంగుని పొడిగా గీకితే లేచే దుమ్ము పసిపిల్లల మెదడుకి చెరుపు. తడిపి గీకమనండి. పసిపిల్లల్నీ కడుపుతో ఉన్నవాళ్ళనీ ఆ నాలుగు రోజులు దూరంగా ఉంచండి. కింద పాత దుప్పటి పరిచి ఆ పొట్టు మూటగట్టి తీసేయండి. చీపురుతో దులపకండి.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సింది నీళ్ళ దారి కనిపెట్టడం. ఇది మేస్త్రీకి సాధ్యం కాదు, ఎందుకంటే అతను మన ఇంటికి ఎండాకాలంలో వస్తాడు. వానలో ఇంటి చుట్టూ ఏం జరుగుతుందో చూసేది మనం. ఉత్తరపు గోడ పాడయ్యాక నేను ఒక పాత నోటుపుస్తకం తీసి, ఆ వానాకాలమంతా రాశాను. ఏ వానకి ఏ గోడ తడిసింది, ఎన్ని రోజులకి ఆరింది, తడి పైనుంచి కిందికి దిగుతోందా, కిందనుంచి పైకి ఎక్కుతోందా. పైనుంచి దిగితే డాబా, పిట్టగోడ, సన్‌షేడ్, గొట్టాలు చూడాలి. కిందనుంచి రెండు మూడు అడుగులు ఎక్కి ఆగిపోతే నేల చెమ్మ. గోడకి ఆనించి పోసిన మట్టి, మొక్కల మడులు, అక్కడే పారే గిన్నెలు కడిగిన నీళ్ళు, ఏసీ గొట్టంలోంచి కారే చుక్కలు చూడాలి. ఎండాకాలంలో కూడా ఒకేచోట తడిగా ఉంటే అటువైపు బాత్‌రూమ్ ఉందేమో చూడాలి.

మా గోడ తడి పైనుంచి దిగుతోందని, వాన వెలిశాక కూడా రెండు గంటలు దిగుతోందని నా పుస్తకంలో తేలింది. ప్లంబర్‌ని పిలిచాను. డాబా మీది నీళ్ళు కిందికి దిగే గొట్టం, వంపు దగ్గర వెనకవైపు చీలి ఉంది. గోడవైపు చీలిక కావడంతో కింద నుంచి చూస్తే కనపడదు. ఆ వంపు ముక్క మార్చడానికి కూలితో సహా 900 రూపాయలు తీసుకున్నాడు. 68,000 పెట్టి వేసిన రంగు, 900 రూపాయల పని చేయించనందుకు గాలికి పోయింది. ఆ లెక్క మా ఆయన ముందు కాగితం మీద రాసి పెట్టాను. ఆయన ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం మా ఇంట్లో చాలా పెద్ద మాట.

ఇంత చెప్పినా వచ్చే ప్రశ్నలు నాకు తెలుసు. "ఖరీదైన రంగు వేయిస్తే చాలదా, పదేళ్ళ గ్యారంటీ కూడా ఇస్తున్నారుగా" అంటారు. ఆ గ్యారంటీ కాగితం ఒక్కసారి చివరి దాకా చదవండి. గోడ వాళ్ళు చెప్పినట్టు సిద్ధం చేసి ఉండాలి, నీళ్ళు కారే గోడ అయి ఉండకూడదు, అనే షరతులు మామూలుగా అందులోనే ఉంటాయి. అంటే ఖరీదైన రంగు కూడా మళ్ళీ గోడ దగ్గరికే పంపిస్తోంది మనల్ని.

"ఖర్చెక్కువ కాదా?" ఎక్కువే. రెండోసారి మాకు గీకుడు, కడుగుడు, పగుళ్ళు, ప్లాస్టరింగ్ కలిపి 26,000 అదనంగా అయింది. మధ్యతరగతి ఇంట్లో అది చిన్న డబ్బు కాదు. అందుకే చెప్తున్నాను, డబ్బు చాలకపోతే రంగు మీద తగ్గించండి, గోడ మీద తగ్గించకండి. మూడు వైపులా సిద్ధం చేయించి, ఈ ఏడాది ప్రైమర్, మామూలు రకం రంగు వేయించుకున్నా నష్టం లేదు. పాడైన గోడ మీద ఖరీదైన రంగు మాత్రం పైన పటారం లోన లొటారమే.

"మనకెందుకమ్మా ఇంకో చాకిరీ, ఉన్నవి చాలవా" అని మీలో కొందరు అనుకుంటున్నారని కూడా తెలుసు. ఆ మాట అన్నది మా చెల్లెలే. నిజమే, ఇంటెడు చాకిరీ చేసి, ఇంక గోడలు కూడా మనమే చూసుకోవాలా? నేను గోడ గీకమనడం లేదు. బేరం జరిగేటప్పుడు కాఫీ ఇచ్చి లోపలికి వచ్చేయకండి, అక్కడే ఒక కుర్చీ వేసుకుని కూర్చోండి అంటున్నాను. చాకిరీ ఎలాగూ మనదే. ఆ పెచ్చులు ఊడ్చింది ఎవరు? బూజు పట్టిన బట్టలు మళ్ళీ ఉతికింది ఎవరు? రాత్రిళ్ళు అత్తయ్యగారి పక్కన కూర్చుని వీపు రాసింది ఎవరు? ఫలితం అనుభవించేవాళ్ళు నిర్ణయంలో ఉండొద్దా? అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్ళకీ ఇదే చెప్తాను. బయటి రంగు గురించి మీటింగ్ పెట్టినప్పుడు మగవాళ్ళని పంపి ఊరుకోకండి. మీ గోడ ఎక్కడ తడుస్తుందో మీరు రాసుకున్న కాగితం పట్టుకుని మీరే వెళ్ళండి.

కూర్చున్నాక ఏం మాట్లాడాలంటే, మేం చేసింది చెప్తాను. గోడ సిద్ధం చేసే పనికి వేరే బేరం, రంగు వేసే పనికి వేరే బేరం. మొదటిదానికి అడుగు లెక్క వద్దన్నాను, రోజు కూలి ఇచ్చాం. అడుగు లెక్కయితే తొందరగా ముగించాలని ఉంటుంది, రోజు కూలి అయితే గీకడానికి ఓపిక ఉంటుంది. ఆ పని అయ్యాక, నేను గోడంతా తిరిగి అరచెయ్యి రాసి చూశాకే ప్రైమర్ అన్నాను. ప్రైమర్‌లో డబ్బా మీద రాసినదానికంటే ఎక్కువ నీళ్ళు కలపొద్దన్నాను. ఇంకొకటి. సరుగుడు బాదులు కట్టి, తాళ్ళ మీద వేలాడుతూ పని చేసేవాళ్ళకి నడుముకి బెల్టు ఉందా, గోడ పక్కనే కరెంటు తీగ పోతోందా అన్నది మొదటి రోజే చూడాలి. బెల్టుల అద్దె మేమే ఇచ్చాం. మన ఇంటి అందం కోసం ఇంకొకరింటి దీపం ఆరకూడదు కదా.

మాఘంలో పని మొదలుపెట్టాం. అప్పటిదాకా అత్తయ్యగారిని హాల్లో పడుకోబెట్టాం. ప్లాస్టిక్ కాగితం మొదటిసారి చుక్కలు చూపించింది, రెండోసారి కొంచెం, మూడోసారి పొడిగా వచ్చింది. మేస్త్రీకి చూపిస్తే, "ఇంటి ఆడవాళ్ళు ఇలా చూడటం నా సర్వీసులో ఇదే మొదలమ్మా" అన్నాడు. మెచ్చుకున్నాడో విసుక్కున్నాడో తెలియలేదు కానీ, గోడ గీకేటప్పుడు మాత్రం ప్రతి రోజూ నన్ను పిలిచి చూపించాడు. అతనికీ ఎవరైనా ఆ పని చూడాలని ఉంటుందేమో అనిపించింది.

ఆ తర్వాత రెండు వానాకాలాలు వెళ్ళాయి. అత్తయ్యగారు తన గదిలోనే పడుకుంటున్నారు. బీరువా గోడకి ఆనించాను. మా ఆయన ఈ మధ్య ఎదురింటాయనకి ప్లాస్టిక్ కాగితం పరీక్ష గురించి తనే కనిపెట్టినట్టు వివరిస్తుంటే విన్నాను. పోనీలెండి.

రంగు మాత్రం ఈసారి నేను ఎంచలేదు. షేడ్ కార్డు అత్తయ్యగారి చేతిలో పెట్టాను. ఆవిడ బాగా ఆలోచించి వక్కపొడి రంగులాంటిది ఒకటి చూపించారు. నాకు అస్సలు నచ్చలేదు. ఇప్పటికీ గేటు తీసినప్పుడల్లా కొంచెం చిరాగ్గానే ఉంటుంది. కానీ ఒక్క పొక్కు లేదు.

ఈసారి పెద్ద వాన కురిసి వెలిశాక, గొడుగు వేసుకుని మీ ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి రండి. ఏ గోడ ఆఖర్న ఆరిందో తేదీ వేసి రాసుకోండి.